వీలునామా రాసే ముందు

పట్టాదారు పాసుపుస్తకం, లింకు దస్తావేజులు (ఆస్తి ఇంతకు ముందు చేతులు మారిన పాత పత్రాలు) ఎదురుగా పెట్టుకొని సర్వే నంబర్లు, హద్దులు ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి; ఒక్క అంకె తప్పినా రేపు పిల్లలు కోర్టు మెట్లెక్కవలసి రావచ్చు. స్వార్జితాన్ని ఇష్టమైనవారికి రాయవచ్చు గానీ, ఉమ్మడి ఆస్తిలో మన వాటాను మాత్రమే రాయగలం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో అందులో కూతుళ్లకూ కొడుకులతో సమాన హక్కు వచ్చిందని మరవకూడదు.

మన సంతకాన్ని కళ్లారా చూసిన ఇద్దరు సాక్షులు మన ఎదుటే సంతకాలు చేయాలి. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకండి. సాక్షులు వయసులో మనకంటే చిన్నవారైతే మేలు, ఎందుకంటే రేపు కోర్టులో సాక్ష్యం చెప్పవలసింది వారే. వీలునామా రాసేది వణికే చేతితో వేలిముద్ర వేసే పెద్దవారైతే, దాన్ని వారికి చదివి వినిపించిన సంగతిని కూడా అందులోనే రాయించాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే నా సలహా.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రం) ఉందని వీలునామా మానుకోవద్దు. ఇచ్చినవారు కన్నుమూస్తే సాధారణంగా ఆ అధికారమూ ముగిసిపోతుంది.