విదేశీ కోడలికి, అల్లుడికి వీసా: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు చూసుకోవలసినవి

విదేశంలో ఉద్యోగం చేస్తూ అక్కడి వారిని పెళ్లాడిన మన పిల్లలు, భార్యనో భర్తనో తొలిసారి బరంపురానికో పర్లాకిమిడికో రాయగడకో తీసుకువచ్చేటప్పుడు, టికెట్టు కంటే ముందు తేల్చుకోవలసింది ఏ రకం వీసా అన్నది. భారత పౌరుణ్ణి పెళ్లి చేసుకున్నంత మాత్రాన విదేశీయులకు వీసా లేకుండా రావడానికి వీలు కలగదు.

పండక్కో ఇంట్లో శుభకార్యానికో మూడు నాలుగు వారాలు ఉండి వెళ్లేవారికి ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-టూరిస్టు వీసా సరిపోతుంది. బంధువులను చూడటానికి రావడం ఆ వీసాకు సరైన కారణమే. ఇది 30 రోజులకు, ఏడాదికి, ఐదేళ్లకు దొరుకుతుంది. ప్రయాణానికి కనీసం 4 రోజుల ముందు దరఖాస్తు చేయాలని నియమం, కానీ ఫొటో సరిగా లేదనో పాస్‌పోర్టు పేజీ మసకగా ఉందనో మళ్లీ అడిగితే ఆ వ్యవధి చాలదు కాబట్టి, మూడు వారాల ముందే పంపడం మంచిది. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన ప్రైవేటు ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉన్నదో లేదో చూడకుండా డబ్బు కట్టవద్దు. ఈ-వీసాతో దిగగలిగే విమానాశ్రయాల్లో భువనేశ్వర్, విశాఖపట్నం, హైదరాబాద్ ఉన్నాయి; బరంపురం వారికి భువనేశ్వర్ అనుకూలం, రాయగడ, గుణుపురం వారికి విశాఖ. పాకిస్తాన్ మూలాలున్నవారికి ఈ-వీసా ఇవ్వరు, వారు రాయబార కార్యాలయంలోనే దరఖాస్తు చేయాలి.

మన ప్రాంతంలో అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు ఉంటుంది, మరొకదానిలో చివర. ఒడియాలో రాసిన పేరును ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అక్షరాలు మారిపోతాయి. బరంపురం పేరు కూడా ఒకచోట బెర్హంపూర్, మరొకచోట బ్రహ్మపుర్. దరఖాస్తులో భారతదేశంలో తెలిసినవారి పేరు, చిరునామా అడుగుతారు. అక్కడ అత్తమామల ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు రాయాలి. మన అబ్బాయి లేదా అమ్మాయి తన పాస్‌పోర్టులో భాగస్వామి పేరు చేర్పించుకోవడం, పెళ్లి ధ్రువపత్రంలో రెండు పాస్‌పోర్టుల అక్షరాలే ఉండేలా చూసుకోవడం ఇప్పుడే చేయాలి, ఎందుకంటే ముందు ముందు అన్ని దరఖాస్తులూ వీటి మీదే ఆధారపడతాయి.

ఇంటికి చేరిన తరువాత పెద్దలు తరచూ మరచే బాధ్యత ఒకటుంది. విదేశీయులకు బస ఇచ్చినవారు, అది హోటలైనా సొంత ఇల్లైనా, 24 గంటల్లో విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. సొంత కోడలికి కూడా ఇదా అని మన ఇళ్లలో నొచ్చుకుంటారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా చట్టం చుట్టరికాన్ని చూడదు. ఆన్‌లైన్ నమోదు కొత్తగా అనిపించే పెద్దలు, అతిథి రాకకు వారం ముందే జిల్లా ఎస్పీ కార్యాలయంలోని విదేశీయుల నమోదు విభాగంలో అడిగి తెలుసుకుంటే చివరి రోజు కంగారు ఉండదు.

నెలల తరబడి అత్తింట ఉండదలచినవారికి టూరిస్టు వీసా తగదు. భారత పౌరుల భాగస్వాములకు ఇచ్చే ఎంట్రీ వీసాను విదేశంలోని భారత రాయబార కార్యాలయం ద్వారా తీసుకోవాలి. ఆ వీసా 180 రోజులకు మించినదైతే, దాని మీద వేరే షరతు రాసి లేనప్పుడు, వచ్చిన 14 రోజుల్లో ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ అనే విదేశీయుల నమోదు వెబ్‌సైటు ద్వారా నమోదు చేసుకోవాలి.

తరచూ వచ్చిపోయేవారికి ఓసీఐ కార్డు (ప్రతిసారీ వీసా అక్కర లేకుండా భారత్‌కు రానిచ్చే కార్డు) మేలు. పెళ్లి రిజిస్టరై, దరఖాస్తు నాటికి ఎడతెగకుండా కనీసం రెండేళ్లు కొనసాగి ఉండాలని 1955 పౌరసత్వ చట్టం చెబుతుంది. గుడిలో పెళ్లి చేసి రిజిస్ట్రేషన్ తరువాత చూద్దామనుకునే కుటుంబాలు ఇక్కడే నష్టపోతాయి. విదేశంలో జరిగిన పెళ్లి ధ్రువపత్రానికైతే అక్కడే అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదని ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ), ఆ పద్ధతి లేని దేశమైతే భారత రాయబార కార్యాలయ ధ్రువీకరణ వేయించి, అది ఇంగ్లీషులో లేకపోతే అనువాదం కూడా జతచేసి తెచ్చుకోవాలి.