పెద్ద బ్యాచితో షటిల్ ఆడుతున్నా ఆట పెరగడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ షటిల్ కోర్టుకు వెళ్లినా కొత్తవాడికి మొదట దొరికే సలహా ఒకటే: "మనకంటే బాగా ఆడేవాళ్లతో ఆడాలండీ, ఆట దానంతటదే వస్తుంది." ఇందులో మొదటి సగం నిజం. రెండో సగంతోనే తంటా. నెలల తరబడి పెద్ద బ్యాచితో, అంటే బాగా ఆడేవాళ్ల జట్టుతో, ఆడి కూడా ఉన్నచోటే ఉండిపోయినవాళ్లు ప్రతి కోర్టులోనూ కనబడతారు. వాళ్లకు బలం తక్కువేమీ కాదు, పట్టుదలా తక్కువ కాదు. తక్కువైంది సమయం. బాగా ఆడేవాడు కాక్ దగ్గరికి ముందు చేరతాడు, మనం ఆలస్యంగా చేరతాం. కింద చెప్పే చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

ఇక్కడ చెప్పేదంతా డబుల్స్ గురించే. కోర్టులో నలుగురు ఆడుతూ, బెంచీ మీద మరో నలుగురు వంతు కోసం కూర్చుని ఉంటే సింగిల్స్ ఆడనిచ్చేది ఎవరు?

సమస్య: పెద్ద బ్యాచి నన్ను ఆటలోకి పిలవడం లేదు

ముగ్గురే ఉన్నా సరే "చూద్దాంలెండి" అని నాలుగోవాడి కోసం రోడ్డు వైపు చూస్తుంటారు. మనసు చివుక్కుమంటుంది. కానీ మన ఆట బాగాలేకపోవడం ఇందుకు కారణం కావడం అరుదు. వాళ్లకు ఉన్నది పొద్దున గంట సమయం. తర్వాత ఒకరు కొట్టు తెరవాలి, ఒకరు బడికి వెళ్లాలి, ఒకరు రొయ్యల చెరువు చూసుకోవాలి. కొత్తవాడు వస్తే ఆ గంట చప్పగా గడిచిపోతుందని, బ్యాటు అంచుకు తగిలి ఫెదర్ కాక్ ఈకలు విరుగుతాయని వాళ్ల బెంగ. ఒక్కో కాక్‌కు పదహారు ఈకలు, ఒకటి విరిగినా అది గాల్లో తూలుతుంది. ఆ ఖర్చు వాళ్లదే.

కాబట్టి ఆ రెండు భయాలూ తీర్చండి. వాళ్లు వాడే రకం, వాళ్లు వాడే నంబరు (కాక్ వేగాన్ని చెప్పే అంకె) కాక్‌ల డబ్బా ఒకటి మీ సంచిలో ఉండాలి. అందరికంటే ముందే వచ్చి నెట్ కట్టండి, నేల తుడవండి. "మాస్టారూ, నలుగురు లేనప్పుడు నన్ను పిలవండి, ఒక్క గేమ్ ఆడి దిగిపోతాను" అని అడగండి. గేమ్ అయ్యాక ఎవరూ చెప్పకుండానే దిగిపోండి. గీత మీద పడిందో బయట పడిందో అనుమానం వస్తే పాయింటు ఎదుటివాళ్లకే ఇచ్చేయండి. గొడవపడేవాడిని, వాడెంత బాగా ఆడినా, రెండోసారి పిలవరు.

ఇంకో మాట. సంక్రాంతి సెలవులను వదులుకోకండి. హైదరాబాదు, విశాఖపట్నంలో చదువుకుంటూ అక్కడి కోర్టుల్లో ఆడే కుర్రాళ్లు ఆ వారం ఊళ్లోనే ఉంటారు. రోజూ వచ్చేవాళ్లలో సగంమంది కోడిపందేల బరుల దగ్గర ఉంటారు. నాలుగో మనిషికి అంత గిరాకీ ఏడాదిలో మళ్లీ రాదు.

సమస్య: మా బ్యాచిలో బాగానే తగిలేది, ఇక్కడ కాక్ అందడమే లేదు

ఇది చాలావరకు కాక్ తేడా. మీరు ఇన్నాళ్లూ ఆడింది నైలాన్ కాక్‌తో, వీళ్లు ఆడేది ఫెదర్‌తో. ఫెదర్ కాక్ బ్యాటు నుంచి వేగంగా బయలుదేరి, చివర్లో ఒక్కసారిగా వేగం తగ్గి నిట్టనిలువుగా దిగుతుంది. నైలాన్ కాక్ అలా కాదు, ఏటవాలుగా సాగుతూ వస్తుంది. దానికి అలవాటుపడిన చెయ్యి ఫెదర్ కోసం తప్పుచోట ఎదురుచూస్తుంది. పరిష్కారం చిన్నదే: గేమ్‌కు ముందు కాసేపు ఫెదర్‌తోనే వెనక గీత నుంచి వెనక గీతకు టాస్‌లు (ఎత్తుగా వెనక దాకా పంపే షాట్లు) కొట్టండి. కాక్ దిగే చోటుకు ఒక అడుగు వెనక్కి చేరి, ముందుకు వస్తూ కొట్టడం అలవాటు చేసుకోండి.

అందరి టాస్‌లూ బయట పడుతుంటే మాత్రం తప్పు మీది కాదు, నంబరుది. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి మే నెలలో కాక్ ఎక్కువ దూరం పోతుంది. అప్పుడు 77 బదులు 76 తీసుకోవాలి. పరీక్షించడానికి ఆట నియమాల్లోనే ఒక పద్ధతి ఉంది. వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పైకి పూర్తి బలంతో కొట్టాలి. ఎదుటి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడితే ఆ కాక్ ఆ రోజుకు సరైనది.

సమస్య: పెద్దవాళ్ల ముందు సర్వీసు నెట్‌కు తగులుతోంది

పిడికిలి బిగిసిపోవడమే కారణం. పక్కనున్న పార్ట్‌నర్ ఏమనుకుంటాడో అన్న బెరుకు ముందు వేళ్లలోకి వస్తుంది. బ్యాటును చివరి క్షణం దాకా వదులుగా పట్టుకుని, కొట్టేటప్పుడు బొటనవేలితో మెల్లగా నెట్టండి. కాక్‌ను తాకే చోటు నేల నుంచి 1.15 మీటర్లకు మించకూడదు, నెట్ మధ్యలో 1.524 మీటర్లు ఉంటుంది. కాబట్టి చిన్న సర్వీసు ఎలాగూ కాస్త పైకి లేచి దిగాల్సిందే, దాన్ని నెట్ మీదుగా రాసుకుంటూ పంపాలని తాపత్రయపడకండి. ఖాళీ కోర్టు దొరికిన రోజు ముందు గీత మీద, నెట్ నుంచి 1.98 మీటర్ల దగ్గర, పాత కాక్ డబ్బా నిలబెట్టి దాన్ని కొట్టడం సాధన చేయండి.

సమస్య: ఎదుటి ఇద్దరూ నా మీదే కొడుతున్నారు

కొడతారు. డబుల్స్‌లో ఇద్దరిలో బలహీనుడి మీద కొట్టడం తప్పు కాదు, తెలివి. చాలామంది దీన్ని అవమానంగా తీసుకుని, ఒక్క దెబ్బతో బదులు తీర్చుకోవాలని స్మాష్‌ను (పైనుంచి కిందికి బలంగా బాదే షాటు) తిరిగి స్మాష్‌లాగే బాదబోతారు. కాక్ నెట్‌లోకి, పాయింటు అవతలికి. ఆలోచిస్తే, మీ పార్ట్‌నర్‌కు పది కాక్‌లు వచ్చే చోట మీకు పాతిక వస్తున్నాయంటే ఆ కోర్టులో అందరికంటే ఎక్కువ సాధన మీకే ఉచితంగా దొరుకుతోంది.

దాన్ని వాడుకోవడం ఇలా. మోకాళ్లు కాస్త వంచి, బ్యాటును బొడ్డు ఎత్తున శరీరానికి ముందు పెట్టి, మోచెయ్యి పొట్టకు అంటకుండా నిలబడండి. ఒంటి మీదికి వచ్చే స్మాష్‌ను బ్యాక్‌హ్యాండ్‌తోనే, అంటే చేతి వెనకవైపు ముందుకు తిప్పి, తీయాలి. కుడి తుంటి దగ్గరికి వచ్చినదాన్ని కూడా చాలాసార్లు బ్యాక్‌హ్యాండే కాపాడుతుంది. ఫోర్‌హ్యాండ్‌తో, అంటే అరచేతి వైపుతో, తీయబోతే మోచేతికి కదలడానికి చోటుండదు.

ఇక బదులు ఎక్కడికి పంపాలి? మొదట్లో ఒక్కటే పని పెట్టుకోండి: ఎత్తుగా, తిన్నగా, వెనక గీత దాకా లేపడం. డబుల్స్‌లో సర్వీసు దాటకూడని గీత వెనక గీతకు 76 సెంటీమీటర్ల ఇవతల ఉంటుంది. ఆ రెండు గీతల మధ్య పట్టీలో కాక్ పడేలా లేపగలిగితే, అక్కడి నుంచి ఎంతటివాడు స్మాష్ కొట్టినా మీ దగ్గరికి వచ్చేసరికి దాని వేగం చాలా తగ్గిపోతుంది. కోర్టు మధ్యలో పడేలా లేపారా, మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు. అంటే మీరు పాయింటు గెలవనక్కర్లేదు. మూడుసార్లు వెనక్కి పంపితే చాలు, నాలుగోది విసుగుతో మీ పార్ట్‌నర్ వైపు కొడతారు. అప్పుడు చూసుకునే పని ఆయనది.

సమస్య: ఎంత పరుగెత్తినా ఆలస్యమే

పరుగు పెంచితే తీరే సమస్య కాదిది. ఒక గేమ్ పాటు బెంచీ మీద కూర్చుని కాక్‌ను చూడటం మానేయండి. బాగా ఆడే ఒక్కరి పాదాలను మాత్రమే చూడండి. యాభై దాటిన మాస్టారైనా సరే, ఎదుటివాడి బ్యాటు కాక్‌ను తాకబోయే క్షణానికి ఆయన మడమలు నేలను వదిలి ఉంటాయి. వేలెడంత ఎత్తు గెంతు, అంతే. తాకిన చప్పుడు వినబడేసరికి రెండు పాదాలూ భుజాలంత ఎడంగా, మునివేళ్ల మీద దిగి ఉంటాయి. బూటు నేల మీద చిన్నగా "కిర్" మంటుంది. ఆ దిగడంలోనే కాలు ఎటు తన్నాలో తేలిపోతుంది. ఇప్పుడు మీ బ్యాచివాడి పాదాలు చూడండి. రెండు మడమలూ నేలకు అతుక్కుని, కాక్ నెట్ దాటాక గానీ కదలవు. పెద్ద బ్యాచివాళ్లకు ఆ వయసులోనూ కలిసొచ్చే సమయమంతా ఆ గెంతులో దాగి ఉంది.

మీరు దీన్ని నేర్చుకోవాలంటే ఒక వారం పాయింట్లు మరచిపోవాలి. ప్రతి షాటుకూ గెంతు వేశానా లేదా, అదొక్కటే లెక్క. మొదటి రెండు రోజులు ఆట ఇంకా పాడవుతుంది, పిక్కలు పట్టేస్తాయి. పార్ట్‌నర్‌కు ముందే చెప్పుకోండి, ఆయన నవ్వుకుంటారు గానీ కోప్పడరు.

వానాకాలంలో దీనికి ఒక షరతు ఉంది. మన డెల్టా తేమకు షెడ్డు నేల కూడా చెమర్చినట్టు అవుతుంది. గమ్ అడుగున్న బూట్లు లేకుండా, పొడి గుడ్డతో నేల తుడవకుండా గెంతవద్దు. చెయ్యి చెమటకు బ్యాటు జారుతుంటే టవల్ గ్రిప్ చుట్టించుకోండి.

సమస్య: మధ్యలో పడ్డ కాక్‌ను ఇద్దరం వదిలేస్తున్నాం, లేదా ఇద్దరి బ్యాట్లూ గుద్దుకుంటున్నాయి

పెద్దవాళ్ల పక్కన ఆడేటప్పుడు వినయం ఎక్కువై, మీ కాక్‌లను కూడా ఆయనకే వదిలేస్తుంటారు. ఆయనకు కావలసింది వినయం కాదు. ఆటకు ముందే మాట అనుకోండి. ఇద్దరిలో ఎవరు కాక్‌ను ఎత్తుగా లేపినా వెంటనే పక్కపక్కకు రావాలి. ఒకరు స్మాష్ కొడితే రెండోవారు నెట్ దగ్గరికి వెళ్లాలి. పక్కపక్కన ఉన్నప్పుడు మధ్యలో పడింది ఫోర్‌హ్యాండ్ అటువైపు ఉన్నవారిది. ఇద్దరూ కుడిచేతివాళ్లయితే అది ఎడమవైపు నిలబడినవారే.

"నాకు ముందు ఆడటం రాదు, వెనకే ఉంటాను" అనే మాట మాత్రం పక్కన పెట్టండి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్‌ను, ముంబయి చిరాగ్ శెట్టిని మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ జత చేసినప్పుడు ఇద్దరూ వెనక కోర్టు నుంచి కొట్టడానికే అలవాటుపడినవాళ్లు. ముందు ఆడటం నేర్చుకోక తప్పలేదు. ఆ జోడీ 2023లో హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, ప్రపంచ నంబర్ వన్ అయింది.

సమస్య: వాళ్లలా స్మాష్ కొట్టబోతే భుజం లాగేస్తోంది

సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు అని 2023లో గిన్నిస్ రికార్డు నమోదైంది. అది జపాన్‌లో కొలతల కోసమే ఏర్పాటు చేసిన చోట కొట్టినది. ఊళ్లో ఆ అంకె వినగానే చేతిబలంతో బాదేవాళ్లు ఎక్కువయ్యారు. బలం భుజంలో పుట్టదు. పక్కకు తిరిగి నిలబడి, నడుము తిప్పుతూ, కాక్‌ను తలకు ముందు, చెయ్యి చాచినంత ఎత్తున అందుకుని, మోచేతి కింది భాగాన్ని చివర్లో తిప్పితే పుడుతుంది. కాక్ తల వెనక్కి వెళ్లిపోయాక స్మాష్ కొట్టకండి, టాస్ వేయండి. విశ్రాంతి ఇచ్చినా నొప్పి తగ్గకపోతే స్ప్రే కొట్టుకుని మళ్లీ కోర్టెక్కకుండా డాక్టరుకు చూపించుకోండి.

సమస్య: అందరూ సలహాలిస్తున్నారు, ఒక్కటీ ఉపయోగపడటం లేదు

ప్రతి పాయింటుకూ ఒకరు మణికట్టు అంటారు, ఇంకొకరు మోకాలు అంటారు. తప్పు వాళ్లది కాదు. "నా ఆట ఎలా ఉందండీ?" అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? ఒకే ఒక్కరిని, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఆ డ్రాప్ (నెట్ దాటగానే పడే షాటు) వేసినప్పుడు నేను ఎక్కడ నిలబడి ఉండాల్సింది?" వీలైతే ఒక గేమ్‌ను ఫోనులో తీసి, టీ తాగేటప్పుడు ఆ ఒక్క ముక్కే చూపించి అడగండి.

సమస్య: పెద్దవాళ్లతో ఆడి ఆడి, దాడి చేయడమే మరచిపోయాను

ఇది నిజంగా జరుగుతుంది. రోజూ కాపాడుకుంటూనే ఉంటే చెయ్యి ముందుకు రావడం మానేస్తుంది. కొత్త షాటు ప్రయత్నించే ధైర్యం కూడా ఉండదు, పక్కనున్నవారి పాయింటు పోతుందని భయం. అందుకే పాత బ్యాచిని పూర్తిగా వదలకండి. వారంలో కొన్ని రోజులు సమానులతో, ఒకట్రెండు రోజులు చిన్నవాళ్లతో ఆడాలి. అక్కడ 21-6తో గెలిచి రావడంలో పసలేదు. మీకు మీరే షరతు పెట్టుకోండి: ఈ గేమ్‌లో స్మాష్ ముట్టను, డ్రాప్‌తోనే పాయింట్లు తెస్తాను. ఇంకో రోజు నెట్ దగ్గరే ఉంటాను, వెనక్కి వెళ్లను. అక్కడ పదిసార్లలో ఏడుసార్లు పడుతున్న షాటునే పెద్ద బ్యాచి మీదికి తీసుకెళ్లండి, అదీ పాయింట్లలో మీ జట్టు ముందున్నప్పుడు.