కమారో ముందు చక్రాల రాపిడి
నిండుగా కనిపించాలనే మోజుతో మా 1969 షెవర్లే కమారో కారుకు నాలుగు చక్రాలకూ 255/60 ఆర్15 టైర్లే (255 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము) వేయించాను. వెనకవి చక్కగా ఇమిడాయి. ముందువి మాత్రం స్టీరింగు పూర్తిగా తిప్పితే చాలు, ఫెండర్ (చక్రం మీది రేకు) అంచుకు రాసుకుని బర్రుమనేవి. స్ప్రింగుల మీద అనుమానపడి ఒక ఆదివారం పాడుచేసుకున్నాను.

చివరికి కాగితం తీశాను. టైరు పక్కగోడ ఎత్తు 255లో 60 శాతం, అంటే 153 మిల్లీమీటర్లు. దానికి రెండింతలు 306, 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే టైరు ఎత్తు 687. ముందుకు 7 అంగుళాల వెడల్పు రిమ్ములు, 225/60 ఆర్15 టైర్లు వేశాను. ఎత్తు 651కి దిగింది, వెడల్పూ 30 మిల్లీమీటర్లు తగ్గింది. రాపిడి పోయింది. స్పీడోమీటరు గేర్‌బాక్సు నుంచి నడుస్తుంది, గేర్‌బాక్సు తిప్పేది వెనక చక్రాలనే, ఆ టైర్లు మారలేదు కాబట్టి దానికి తేడా రాలేదు.

రిమ్ములు కొనే ముందు బోల్టుల వలయం (బోల్టుల మధ్యబిందువుల గుండా పోయే వృత్తం) వ్యాసం 4.75 అంగుళాలేనా అని కొలవండి. ఆ కాలపు ఫోర్డ్ మస్టాంగ్ కారుది 4.5, కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి.