రస్ట్ భాషలో మాక్రో రాయబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఒకే తరహా కోడ్‌ను నాలుగైదు చోట్ల రాయాల్సి వస్తే మాక్రో (కంపైల్ సమయంలో కోడ్‌ను పుట్టించే కోడ్) మీదికి మనసు పోతుంది. ఫంక్షన్‌తోనో ట్రెయిట్‌తోనో పని జరిగిపోతుంటే మాత్రం దాని జోలికి పోకండి. ఆర్గ్యుమెంట్ల సంఖ్య మారుతూ ఉండాలన్నా, కొత్త స్ట్రక్ట్‌లు పుట్టించాలన్నా అప్పుడు వేరే సంగతి.

మాక్రోను ఎక్కడ పడితే అక్కడ పిలవడం కుదరదు. ఎక్స్‌ప్రెషన్, స్టేట్‌మెంట్, ప్యాటర్న్, టైప్, ఐటెమ్ ఉండాల్సిన చోటే పిలవాలి. స్ట్రక్ట్‌లో రెండు ఫీల్డులో, మ్యాచ్‌లో ఒక్క ఆర్మో మాక్రోతో తెద్దామంటే కంపైలర్ ఒప్పుకోదు. మొత్తం స్ట్రక్ట్‌ను, మొత్తం మ్యాచ్‌ను మాక్రోతోనే రాయించాలి. సగం బ్రాకెట్ ఒక మాక్రోలో, మిగతా సగం ఇంకో దాంట్లో పెట్టే సి భాష తెలివితేటలు ఇక్కడ చెల్లవు.

అందరూ పడే గోతి ఇంకోటి ఉంది. వర్గం కట్టే మాక్రో రాశారనుకోండి, వచ్చినదాన్ని దానితోనే గుణించేది. సి లో జాగ్రత్తపడకుండా రాస్తే 1 + 2 ఇచ్చినప్పుడు 1 + 2 * 1 + 2 అయి 5 వస్తుంది. రస్ట్‌లో దాన్ని ఎక్స్‌ప్రెషన్‌గా పట్టుకుంటే విడిపోదు, 9 వస్తుంది. హమ్మయ్య అనుకునేలోపే అసలు తంటా: ఇటరేటర్ మీద నెక్స్ట్ పిలుపును ఇచ్చి చూడండి, అది రెండుసార్లు నడుస్తుంది. కంపైలర్ నోరెత్తదు. అందుకే ముందు లెట్‌తో ఒక పేరులో పెట్టుకుని, ఆ పేరునే గుణించండి. లోకల్ పేర్లకు హైజీన్ (మాక్రో లోపలి పేర్లను బయటి పేర్లతో కలవనివ్వని ఏర్పాటు) ఉంది కాబట్టి బయటి వేరియబుల్‌తో గొడవ రాదు.

మాక్రో ప్యాటర్న్‌లో ఎక్స్‌ప్రెషన్ తర్వాత కామా, సెమీకోలన్, ఫ్యాట్ యారో (=>) తప్ప ఇంకే టోకెనూ (కోడ్‌లోని చిన్న ముక్క) రాకూడదు. భాషలోకి రేపు కొత్త సింటాక్స్ వచ్చినా పాత మాక్రోలు విరగకూడదని ఈ కట్టడి. పైగా ఎక్స్‌ప్రెషన్‌గా ఒకసారి పట్టుకున్నాక, దాన్ని అందుకున్న రెండో మాక్రో లోపల ఏ టోకెన్లున్నాయో పోల్చి చూడలేదు. అలా చూడాలంటే టోకెన్ ట్రీగానే (ఒక టోకెన్, లేదా బ్రాకెట్లలోని టోకెన్ల గుంపు) అందించండి. మాక్రోలోని ఆర్మ్‌ల (ఒక్కో ప్యాటర్న్‌కు రాసే నియమాల) వరుస కూడా ముఖ్యమే. ఎక్స్‌ప్రెషన్‌గా చదవడం మొదలుపెట్టి మధ్యలో చెడితే కంపైలర్ తర్వాతి ఆర్మ్‌కు వెళ్లదు, నేరుగా ఎర్రర్ ఇస్తుంది. ప్రత్యేకమైన ఆర్మ్‌లు పైన, ఎక్స్‌ప్రెషన్‌ను పట్టేవి అడుగున ఉంచండి.

మాక్రో తనను తానే ఎన్ని పొరల దాకా పిలుచుకోవచ్చో చెప్పే రికర్షన్ పరిమితి డిఫాల్ట్‌గా 128. దాన్ని పెంచాలనిపిస్తే, మాక్రోనే మళ్లీ రాయడం మేలని నా అభిప్రాయం. మాక్రో నుంచి ఏ కోడ్ పుట్టిందో కార్గో ఎక్స్‌పాండ్ అనే టూల్‌తో చూడకుండా మాత్రం మెర్జ్ చేయకండి.

ప్రొసీజరల్ మాక్రోల (ప్యాటర్న్‌లతో కాక, మామూలు రస్ట్ ఫంక్షన్లుగా రాసే మాక్రోల) దగ్గర టెన్షన్ వేరు. వాటికి విడి క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) కావాలి, అది సరే. కానీ ఆ కోడ్ కంపైల్ సమయంలో మీ మెషిన్ మీదే, మీ అనుమతులతోనే నడుస్తుంది. ఫైళ్లు చదవగలదు, నెట్‌వర్క్‌కు వెళ్లగలదు. సీక్రెట్లున్న బిల్డ్ సర్వర్‌లో కొత్త డిరైవ్ క్రేట్ (స్ట్రక్ట్‌లకు ట్రెయిట్ కోడ్ పుట్టించే ప్రొసీజరల్ మాక్రో) కలిపే ముందు దాని సోర్స్ తెరిచి చూడండి. ఏ క్రేట్ ఏ వెర్షనో రాసి ఉండే కార్గో లాక్ ఫైల్‌ను గిట్‌లో పెట్టి, బిల్డ్‌ను ఆ ఫైల్ మారనివ్వని లాక్డ్ (--locked) ఆప్షన్‌తోనే నడపండి.