వానలకు ముందు ట్రైలర్‌కు రంగు వేస్తున్నారా? ముందు అంచులు చూడండి

సొంతంగా తయారు చేసుకున్న ఒక క్యాంపింగ్ ట్రైలర్ తలుపు ఈ మధ్య ప్రయాణంలో ఉండగానే ఊడి రోడ్డు మీద పడింది. వెనుక వచ్చే వాహనం చాలా దూరంలో ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. తరువాత ఆ ట్రైలర్‌ను చూస్తే పై రంగు చెక్కు చెదరలేదు, మెరుపు కూడా తగ్గలేదు. మడతబందులు బిగించిన చోట బొటనవేలితో నొక్కినప్పుడు మాత్రం రంగు పొర లోపలికి కుంగింది. దాని వెనుక నల్లబడిన ప్లైవుడ్ తడిసిన అట్టలా పొరలు పొరలుగా చేతికి వచ్చింది. స్క్రూలు పట్టుకోవడానికి అక్కడ చెక్క అంటూ మిగలలేదు. యజమాని అడిగిన మొదటి ప్రశ్న మాత్రం "ఈసారి ఏ రంగు వేయమంటారు?" అన్నదే.

ఆ ప్రశ్నకు సమాధానం ఉంది, కానీ అది రెండో స్థానంలో వస్తుంది. ప్లైవుడ్ ట్రైలర్లు పాడైన సందర్భాల్లో నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఒక్కటే: పలక ముఖానికి మూడు నాలుగు పూతలు వేసి, కోసిన అంచులనూ స్క్రూ రంధ్రాల లోపలి గోడలనూ పచ్చిగా వదిలేయడం.

అంచు ఎందుకు అంత ముఖ్యం

చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకు దాకా నీటిని మోసిన నాళాలే చెక్కలో మిగిలి ఉంటాయి. పలకను కోసినప్పుడు వాటి నోళ్లు అంచులో తెరుచుకుంటాయి కాబట్టి, ముఖం మీద కన్నా అంచులో నీరు ఎన్నో రెట్లు వేగంగా ఇంకుతుంది. "మేము పడవలకు వాడే మెరైన్ ప్లైవుడ్ వాడాము" అని ధీమాగా ఉండేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, అందులో నీటికి లొంగనిది జిగురు. చెక్క మాత్రం చెక్కే. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే దానిని కుళ్లబెట్టే శిలీంధ్రానికి అనుకూలమైన పరిస్థితి ఏర్పడుతుంది.

ఇక్కడే రంగు ఎంపిక తలకిందులవుతుంది. అంచు తెరిచి ఉన్న పలక మీద ఎంత గట్టి, ఎంత బిగువైన రంగు వేస్తే, లోపలికి చేరిన నీరు ఆవిరై బయటకు పోవడం అంత కష్టమవుతుంది. ఖరీదైన రంగు వేసిన ట్రైలర్ సాదా రంగు వేసినదాని కన్నా ముందు కుళ్లడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

అందువల్ల కోతలు, రంధ్రాలు, కిటికీ ఖాళీలు అన్నీ పూర్తయ్యాకే పూత పని మొదలుపెట్టాలి. పదునైన మూలల మీద రంగు నిలవదు, అది వెనక్కు జరిగి అక్కడ పొర పలచబడుతుంది. కాబట్టి ప్రతి అంచునూ కనీసం 3 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా అయ్యేలా ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ తరువాత చిక్కదనానికి ఏ పొడీ కలపని పలచటి ఎపాక్సీని (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెజిన్ జిగురు) అంచుకు పట్టించాలి. కొద్ది నిమిషాల్లోనే అంచు మళ్లీ పొడిగా, మెరుపు లేకుండా కనిపిస్తుంది, అంటే అది తాగేసిందన్న మాట. మెరుపు నిలిచేదాకా, జిగట ఆరకముందే మళ్లీ మళ్లీ పట్టించాలి. ఇంకా బాగా ఇంకుతుందన్న ఆశతో థిన్నర్ కలపవద్దు. థిన్నర్ ఆవిరైపోతూ సూక్ష్మ రంధ్రాలను వదిలి వెళుతుంది, వాటి గుండా తేమ వస్తుంది. ఈ పనిని కప్పు కింద, చెక్క వేడి తగ్గుతున్న వేళ చేయడం మంచిది. చెక్క వేడెక్కుతుంటే లోపలి గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది; చల్లబడుతుంటే పూతను లోపలికి లాక్కుంటుంది.

స్క్రూ రంధ్రం కూడా అంచే. అవసరమైనదాని కన్నా పెద్ద రంధ్రం చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ సరైన కొలతకు డ్రిల్ చేస్తే స్క్రూ చెక్కను తాకనే తాకదు. తలుపు మడతబందులు, పైకప్పు పట్టీలు, దీపాల బిగింపులు ఉన్న చోట్ల ఈ పని తప్పనిసరి. గట్టిపడిన ఎపాక్సీ మీద ఒక్కొక్కసారి మైనం లాంటి జిడ్డు తేలుతుంది. దానిని ముందు నీళ్లతో, గరుకు పీచుతో కడిగి, ఆ తరువాతే రుద్దాలి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు అంతటా పరుచుకుని పై రంగు పట్టదు. ఎపాక్సీ ఎండకు తట్టుకోలేదు, సుద్దలా రాలుతుంది, కాబట్టి దాని మీద రంగు తప్పక ఉండాలి.

రంగు రకాల సంగతి

మొదటిసారి ప్లైవుడ్ ట్రైలర్ కట్టుకున్నవారికి నేను సూచించేది బయటి గోడలకు వాడే, నీటితో కలిసే పూర్తి అక్రిలిక్ ఎమల్షన్ రంగు. "గోడల రంగు" అని దీనిని చిన్నచూపు చూస్తారు గానీ, ఎండకూ తేమకూ చెక్క సాగి ముడుచుకుంటుంటే దానితో పాటు సాగే గుణం దీనికి ఉంది, కొంత ఆవిరిని బయటకు పోనిస్తుంది, గీత పడితే ఆ చోట మాత్రమే మళ్లీ వేసుకోవచ్చు. కొమ్మలు రాసుకుంటే గీతలు పడటం, తలుపు రబ్బరుకు అంటుకోవడం దీని లోపాలు.

నూనె ఆధారిత ఎనామెల్ మొదట్లో అందంగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి నెర్రెలిస్తుంది. జింక్ పూత ఉన్న ఇనుము మీద నేరుగా దీనిని వేస్తే జింక్‌తో కలిసి సబ్బు లాంటి పొర ఏర్పడి పెచ్చులుగా ఊడిపోతుంది. రెండు భాగాలు కలిపి వేసే పాలియురేథేన్ అన్నిటికన్నా గట్టిది, ఎండలో మెరుపు నిలుపుకుంటుంది. అయితే అది కదలని పునాది కోరుతుంది. అల్యూమినియం మీదనో, ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీలతో కప్పిన ప్లైవుడ్ మీదనో వేస్తే బాగుంటుంది, ఉత్త ప్లైవుడ్ మీద వేస్తే ముఖ పొర చిట్లినప్పుడల్లా అదీ చిట్లుతుంది. ట్రక్కుల వెనుక తొట్టికి వేసే గరుకు పూత కింది ముందు భాగంలో రాళ్ల దెబ్బలకు బాగా ఆగుతుంది. అయితే అది పగుళ్లను, వాపును కళ్లకు కనిపించకుండా దాచేస్తుంది. అంచులు మూయకుండా దానిని వేయడం కన్నా వేయకపోవడం మేలు.

అల్యూమినియం రేకుకు ముందు జిడ్డు తుడవాలి, ఆ తరువాత రుద్దాలి. వరుస మారితే జిడ్డును గీతల్లోకి రుద్దినట్టే. రుద్దిన లోహం మీద ఆక్సైడ్ వెంటనే మొదలవుతుంది కాబట్టి ప్రైమర్ (పై రంగుకు ముందు వేసే తొలి పూత) అదే రోజు పడాలి. ఏ రకమైనా లేత రంగునే ఎంచుకోండి. ముదురు రంగు ఉపరితలం తీవ్రమైన ఎండలో 70 డిగ్రీల సెల్సియస్ దాటగలదు, మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల మధ్యే మెత్తబడటం మొదలవుతుంది.

ఇక మిగిలినవి వరుసగా

చెక్కకు ఆనించిన తేమ మీటర్ 15 శాతం కన్నా ఎక్కువ చూపితే రంగు డబ్బా మూత తీయకండి.

గాలిలో తేమ 85 శాతం దాటితే ఆగండి. ఉపరితలం మంచు బిందువు (గాలిలోని తేమ నీటిగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి; లేకపోతే కంటికి కనిపించని తడి మీద రంగు వేస్తున్నట్టే.

ఆరుబయట సాయంత్రం పూట రంగు వేయకండి.

రంగు పూర్తికాక ముందు అతుకులు మూసే సిలికాన్ సీలెంట్‌ను ట్రైలర్ దగ్గరకు రానివ్వకండి. దాని మీద ఏ రంగూ పట్టదు, తుడిచినా దాని జాడ పోదు. రంగు వేయవలసిన అతుకుల్లో పాలియురేథేన్ సీలెంట్, లోహపు పట్టీల కింద బంకగా ఉండే బ్యూటైల్ రబ్బరు టేపు వాడండి.

ఇంటి గోడల పుట్టీ వద్దు.

తలుపు అడుగు అంచుకు రంగు పడిందో లేదో చేతి అద్దం కింద పెట్టి చూడండి. నిలబడి చూస్తే కనిపించని ఆ అంచునే అందరూ వదిలేస్తారు, నీటి చుక్క చివరగా నిలిచేదీ అక్కడే.

నేల పలక అడుగు భాగానికి, దాని నాలుగు అంచులకు, పలకను చాసిస్‌కు (కింది చట్రానికి) బిగించక ముందే పూత వేయండి. బిగించాక అక్కడికి బ్రష్ వెళ్లదు.

ప్రైమర్, పై రంగు ఒకే కంపెనీవి తీసుకోండి. మళ్లీ పూత వేయడానికి డబ్బా మీద రాసిన గడువు దాటితే రుద్దకుండా వేయకండి.

రెండు భాగాల పాలియురేథేన్‌ను స్ప్రే చేయకండి. అందులోని ఐసోసైనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు శాశ్వతమైన ఆస్తమా తెచ్చిపెట్టగలదు, బయటి నుంచి గాలి అందించే మాస్క్ లేకుండా ఆ పని ఎవరూ చేయకూడదు.

అవిసె నూనె తుడిచిన గుడ్డపీలికలను కుప్పగా పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

చేతికి అంటకపోతే రంగు గట్టిపడినట్టు కాదు. ఎమల్షన్ పూర్తిగా గట్టిపడటానికి ఒక నెల పట్టవచ్చు, అందాకా టార్పాలిన్‌ను ట్రైలర్ ఒంటికి తగిలేలా కప్పకండి.

ప్రెషర్ వాషర్‌తో కడగకండి.

మొదటి పెద్ద వాన తరువాత ప్రతి మడతబందు చుట్టూ, కిటికీ కింది మూలల్లో, ముందు గోడ అడుగున వేలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలితే పైన మరో పూత వేసి దాచకండి. బిగింపు విప్పి, ఎండబెట్టి, కుళ్లిన భాగం తీసివేసి, అంచు మూసి, అప్పుడు రంగు వేయండి.

వానల మధ్యలో కొత్త దీపమో కొక్కెమో బిగించాలనిపిస్తే, ఆ రంధ్రం లోపలి గోడకు ఎపాక్సీ పట్టించండి; అది గట్టిపడేదాకా స్క్రూ తిప్పకండి.