నల్ల కారు మీద మరకలు, గీతలు: ఏది ఎందుకు వస్తుంది, ఎలా పోతుంది

నల్ల కారు సాయంత్రం షెడ్డులో అద్దంలా ఉంటుంది. పొద్దున పదింటికి ఎండలో నిలబెడితే ఒంటినిండా మరకలే. తెల్ల కారు మీద కూడా ఇవన్నీ పడతాయి, కాకపోతే కనబడవు. నల్లగొండలో నల్ల కారు పెట్టుకున్నవాడిగా ఒక్క మాట గట్టిగా చెబుతాను: మరక దేనివల్ల వచ్చిందో తేలకుండా పాలిష్ కొట్టించకండి. రంగు మీద ఉండే క్లియర్ కోటు సుమారు 40-50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే సన్నం. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది, మళ్లీ పెరగదు.

సమస్య: బానెట్ మీద తెల్లటి గుండ్రటి మరకలు

మన దగ్గర ఎక్కువగా వచ్చేది ఇదే. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి చాలామంది దీన్నీ దాని ఖాతాలోనే వేస్తారు. అసలు కారణం బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు కాచే హీటర్ రాడ్డుకు పట్టే తెల్ల పొర చూశారు కదా, అదే ఇక్కడ చుక్క చుక్కగా పడుతుంది. ఎండలో కడిగితే నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది.

పరిష్కారం: కారును నీడలో పెట్టి, రేకు చల్లబడ్డాక, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడిగుడ్డతో ఒకటి రెండు నిమిషాలు అద్దండి. ఆరిపోకముందే మంచి నీళ్లతో కడిగేయండి. అయినా గుంట పడినట్టు కనబడితే మరక లోపలికి దిగినట్టే, అప్పుడు పాలిష్ తప్పదు. ఇకముందు రాకూడదంటే ఎండ ఎక్కకముందే, ఒక్కో భాగాన్ని కడిగి వెంటనే తుడిచేయండి. ఇంట్లో కృష్ణా నీళ్ల నల్లా ఉంటే చివరి బకెట్ దానిదే పోయండి. రంగు మీద గట్టి రక్షణ పొరలా వేయించే సిరామిక్ కోటింగ్ ఉన్నా ఈ మరకలు పడతాయి, ధీమాగా ఉండొద్దు.

సమస్య: ఎండలో సాలెగూడులాంటి సన్న గీతలు

నా కారు కొన్న కొత్తలోనే పెట్రోల్ మూత చుట్టూ ఇవి కనబడ్డాయి. వాటర్ వాష్ దగ్గర నిలబడి చూస్తే విషయం తెలిసింది: చక్రాలు తుడిచిన గుడ్డనే అదే బకెట్‌లో ముంచి డోర్ మీద రుద్దుతున్నారు. మన ఎర్రమట్టిలో ఇసుక కలిసి ఉంటుంది, గుడ్డకు అంటిన ప్రతి రేణువూ గీత పెడుతుంది. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులపడం ఇంకా ప్రమాదం.

ముందు ఒట్టి నీళ్లు ధారాళంగా పోసి దుమ్ము జార్చేయాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి ఒట్టి నీళ్లు. పైకప్పు నుంచి కిందికి రండి. చక్రాల గుడ్డ వేరే ఉండాలి. పాత బనియన్లు వద్దు, మైక్రోఫైబర్ వాడండి, అది నేల మీద పడితే ఉతికేదాకా ముట్టుకోకండి.

ఉన్న గీతల సంగతి: గోరుతో గీసి చూడండి. గోరు తట్టుకుంటే పాలిష్‌తో పోదు. తట్టుకోకపోతే సన్న రకం పాలిష్ అరచేయంత చోట రుద్ది, ఫలితం చూసి ముందుకెళ్లండి.

సమస్య: కడిగినా చేతికి గరగర

మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారిలో తిరిగేవాళ్లకు ఇది బాగా తెలుసు. సిమెంటు దుమ్ము మీద రాత్రి మంచు పడితే గట్టిపడుతుంది. తుడవకండి, ప్రెషర్‌తో నీళ్లు కొట్టండి. మిగిలినదానికి పైన చెప్పిన వెనిగర్ నీళ్లు, ఆ తర్వాత షాంపూ నీళ్లు చల్లుకుంటూ క్లే బార్ (అంటుకున్న రేణువులను లాగేసే మెత్తటి బంకముద్ద) రుద్దండి. క్లే కింద పడిందా, పారేయండి.

సమస్య: పిట్ట రెట్ట

మే నెల ఎండలో ఆలస్యం చేయొద్దు. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి మెల్లగా ఎత్తేయండి, రుద్దకండి.

సమస్య: నాలుగు రోజులకే మెరుపు తగ్గడం

డీజిల్ గుడ్డతో తుడిస్తే వచ్చే మెరుపు దుమ్మును పట్టి ఉంచుతుంది. గిన్నెల సబ్బు రంగు మీద పూసిన వాక్స్‌ను (మెరుపునిచ్చే మైనం పూత) కడిగేస్తుంది. రెండూ మానేసి, నీడలో పలుచగా వాక్స్ పెట్టండి. మన ఎండలకు అది ఒకటి రెండు నెలలకు మించి నిలవదు. కడిగేటప్పుడు నీళ్లు ముత్యాల్లా నిలవకుండా పరుచుకుంటున్నాయంటే మళ్లీ పెట్టాల్సిన రోజు వచ్చినట్టే.