పాత ఫైళ్లను కాపాడుకుందాం – 5వ పాఠం: ఆ అక్షరాలు చెడిపోలేదు

పోయిన పాఠంలో పాత ఫైళ్లన్నిటికీ హార్డ్ డిస్కులో నకలు తీసి, ఒక్కొక్కటీ తెరిచి చూడమన్నాను. తెరిచినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపించాయట. ప్రొద్దుటూరు నుంచి ఒకరు ఫైళ్లు చెడిపోయాయనుకుని, తండ్రిగారి పద్యాలున్న ఫోల్డరునే తీసేశారు. రీసైకిల్ బిన్ ఖాళీ చేయలేదు కనుక దక్కాయి. ముందే హెచ్చరించాల్సింది నేను.

దయచేసి ఏదీ చెరపకండి. అవి ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టినవి. మన డీటీపీ సెంటర్లలో శుభలేఖ మొదలు పుస్తకం దాకా ఏళ్ల తరబడి అందులోనే కొట్టారు. ఆ ఫాంటు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, కొమ్ములు, ఒత్తుల బొమ్మలు పెడుతుంది. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఇంగ్లిషు అక్షరాలే బయటపడతాయి. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో, 1991 నాటి మొదటి కూర్పు నుంచే, తెలుగుకు సొంత స్థానాలున్నాయి. ‘క’ సంఖ్య ఎక్కడైనా 3093. గౌతమి ఫాంటు పెట్టినా మండలి ఫాంటు పెట్టినా అది ‘క’యే.

‘పీడీఎఫ్ చేసి పెట్టుకున్నాం, చాలదా?’ అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. చాలదు! అను ఫాంటుతో చేసిన పీడీఎఫ్ తెరవండి. మొదటి వరుసలోనే ‘కడప’ అని కళ్లకు కనిపిస్తుంటుంది. వెతుకుడు పెట్టెలో ‘కడప’ అని కొట్టండి, దొరకదు. ఆ వరుసను నకలు తీసి వేరేచోట అతికించండి, మళ్లీ అదే కలగాపులగం. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ అది తెలుగు కాదు. రేపు మీ మనవరాలు వెయ్యి పేజీల్లో తాతగారి ఊరి పేరు వెతకాలంటే ఒక్కో పేజీ కళ్లతో చూడాల్సిందే. పీడీఎఫ్ ఉంచండి, కానీ యూనికోడ్ ప్రతి కూడా ఉండాలి.

మార్చే పనిముట్లు ఇంటర్నెట్లో ఉన్నాయి. వీలునామా, పొలం కాగితాల వంటివి మాత్రం ముక్కూమొహం తెలియని సైట్లలో అతికించకండి, సొంత కంప్యూటర్లోనే మార్చండి. మార్చినప్పుడు ఒత్తులు, పొల్లులు తారుమారవుతాయి, మధ్యలోని ఇంగ్లిషు మాటలు అర్థంలేని తెలుగవుతాయి.

అభ్యాసం: పది పేజీలు మార్చండి. అచ్చు ప్రతి ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద అక్షరం అక్షరం చూడాలి. మన కడపలోనే బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులను పోల్చి చూపించాడు, నేనూ ఇద్దరితోనే చేయిస్తాను. తప్పు దొరికిన పేజీని మొదటినుంచి మళ్లీ చదవండి. అసలు ఫైలును ముట్టుకోవద్దు. కొత్తదాని పేరు చివర ‘యూనికోడ్’ అని చేర్చి, మీ దగ్గరున్న అను ఫాంటుతో సహా ఒకే ఫోల్డరులో ఉంచండి.